అమ్మకు చెప్పకుండా ఆపరేషన్‌కు తీసుకెళ్లొద్దు

ప్రశ్న: సిస్టర్ గారూ, మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా అమ్మకు 62 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. కొన్నాళ్లుగా అన్నం తిన్నాక కుడి డొక్క కింద నొప్పి, వాంతులు. స్కానింగ్ తీస్తే గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయని తేలింది. లాప్రోస్కోపీ (చిన్న కోతల గుండా కెమెరాతో చూస్తూ చేసే) ఆపరేషన్ చేయించాలి, మరీ అర్జెంటు కాదుగానీ నెలా నెలన్నర దాటనీయొద్దు అన్నారు డాక్టరు గారు. మా పెద్దమ్మ కడుపు ఆపరేషన్‌కి వెళ్లి తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఆపరేషన్ అనే మాట వింటేనే అమ్మ వణికిపోతుంది. అందుకని మందులతో కరుగుతాయని మాత్రమే చెప్పాం. సూరత్‌లో మిల్లులో పనిచేసే మా అన్నయ్య, ‘ఇంకో స్కానింగ్ అని చెప్పి తీసుకెళ్దాం, సంతకం నేను పెడతాను’ అంటున్నాడు. అమ్మేమో మార్గశిర లక్ష్మివారాల (గురువారాల) వ్రతం పూర్తయ్యేదాకా ఆసుపత్రి గడప తొక్కనంటోంది. ఇంకో సంగతి. అమ్మ అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని. వ్రతం చేసే లక్ష్మివారం నాడు మాత్రం చుట్ట ముట్టదు. డాక్టరు గారు అడిగినప్పుడు సిగ్గేసి అలవాట్లేమీ లేవని చెప్పేశాం. బరంపురం తీసుకెళ్లాలా, శ్రీకాకుళమా, విశాఖా? ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

– ఒక కూతురు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, ముందు అమ్మకు నిజం చెప్పు. నువ్వడిగిన మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు ఇక్కడినుంచే మొదలవుతుంది.

మీ అన్నయ్యది చెడ్డ ఆలోచన అనను. అమ్మ భయపడకూడదనే ఆ మాటన్నాడు. కానీ నేను సర్జికల్ వార్డులోనూ థియేటర్‌లోనూ చాలా ఏళ్లు పనిచేశాను. అలా దాచి తీసుకొచ్చిన పేషెంట్ల భయం ఎక్కడ బయటపడుతుందో చూశాను. ఒక పెద్దావిడను కొడుకులు స్కానింగ్ అనే చెప్పి తెచ్చారు. ట్రాలీ మీద లోపలికి వచ్చి, పైన పెద్ద లైటు, చుట్టూ ఆకుపచ్చ గౌన్లు చూసేసరికి ఆవిడకు అర్థమైపోయింది. ‘ఏటి సేత్తారమ్మా నన్ను?’ అంటూ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది. బీపీ చూస్తే పైది 200 దాటింది. మత్తు డాక్టరు గారు ఆ రోజుకి ఆపరేషన్ ఆపేశారు. వార్డుకు తీసుకెళ్లి, పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాం. చాలాసేపు ఏడ్చింది, తర్వాత ప్రశ్నలు అడిగింది. తర్వాతి తేదీకి తనే నడిచి వచ్చింది. కొడుకుల మీద కోపం మాత్రం చాలాకాలం పోలేదు.

సంతకం విషయం కూడా అన్నయ్యకు చెప్పు. తెలివిలో ఉన్న, తన మంచిచెడ్డలు తాను ఆలోచించుకోగల పెద్దమనిషికి బదులు ఇంకొకరు ఒప్పుకుంటే అది ఒప్పుకోలు కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. ఆమెకు లాప్రోస్కోపీతో పరీక్ష చేస్తున్నారు. మత్తులో ఉండగానే, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం కానప్పుడు తల్లి అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది. మీ అమ్మదీ అంతే. కాగితం మీద సంతకమో వేలిముద్రో ఆవిడదే ఉండాలి. ఆ కాగితం ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. అందులో ఏముందో తెలుగులో చెప్పాకే పెడతామని అడగడం మీ హక్కు. ముందురోజు సాయంత్రమే అడగండి. థియేటర్‌కి తీసుకెళ్లే హడావుడిలో ఎవరికీ తీరిక ఉండదు.

ఇక ఎలా చెప్పాలి? ఫోన్లో అన్నయ్య చేత చెప్పించకు. నువ్వు చెప్పు. మీ నాన్నగారు పక్కన ఉంటే ఇంకా మంచిది. పెద్దమ్మ సంగతి దాటేయకుండా దాంతోనే మొదలుపెట్టు. ‘పెద్దమ్మకి జరిగిందే గుర్తొస్తోందా అమ్మా?’ అని అడిగి, ఆవిడ చెప్పేదంతా విను. పెద్దమ్మకు ఏ జబ్బు, ఏ పరిస్థితిలో తీసుకెళ్లారు, ఏ ఆపరేషన్ అన్నది మీకే సరిగా తెలియకపోవచ్చు. తెలిస్తే డాక్టరు గారికి చెప్పండి. ఇంట్లో ఎవరికైనా మత్తుమందు పడక ఇబ్బంది వచ్చి ఉంటే అది ఆయనకు తప్పకుండా తెలియాలి. ‘ఏమీ కాదు, ఇంజెక్షన్ లాంటిదే’ అని మాత్రం అనొద్దు. నొప్పి మొదలైన క్షణం నుంచి మీ మాట నమ్మడం మానేస్తుంది.

ఆవిడకు అర్థమయ్యేలా ఇలా చెప్పు. కాలేయం పైత్యరసం తయారుచేస్తుంది. దాని కిందున్న చిన్న సంచి, అంటే గాల్ బ్లాడర్, ఆ రసాన్ని దాచిపెట్టి, మనం నూనె, నెయ్యి తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. ఆ సంచిలో రాళ్లు పడ్డాయి. తిన్నప్పుడల్లా సంచి ముడుచుకుంటుంది, రాయి దారికి అడ్డం పడుతుంది, నొప్పి వస్తుంది. రాళ్లొక్కటే ఏరి తీసేస్తే సంచిలో మళ్లీ పడతాయి, అందుకే సంచినే తీసేస్తారు. అది లేకపోయినా కాలేయం రసం తయారుచేస్తూనే ఉంటుంది, అరుగుదల సాగిపోతుంది. కడుపు మీద మూడు నాలుగు చిన్న కోతలు పెట్టి, లోపలికి గాలి పంపి, కెమెరాతో చూస్తూ చేస్తారు. మొత్తం నిద్రలోనే జరుగుతుంది. లోపల బాగా అతుక్కుపోయి ఉంటే కెమెరాతో ముందుకు వెళ్లడం ప్రమాదమని, మధ్యలో పెద్ద కోతకు మారాల్సి రావొచ్చు. అది డాక్టరు చేసిన తప్పు కాదు, జాగ్రత్త. లేచాక కోతల దగ్గరే కాకుండా భుజం కూడా లాగుతుంది. లోపల మిగిలిన గాలి వల్ల అలా ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ భుజం నొప్పి సంగతి ముందే చెప్పకపోతే గుండెపోటు అనుకుని హడలిపోయేవాళ్లు చాలామంది.

చెప్పడం అయ్యాక ‘నాన్నకి నువ్వొకసారి చెప్పమ్మా, ఏం చేస్తారట?’ అని అడుగు. ఆవిడ తన మాటల్లో తిప్పి చెప్పగలిగితే అర్థమైనట్టు. ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ చెప్పు. అర్థమైందా అని అడిగితే మన ఆడవాళ్లు ఎప్పుడూ అయిందనే అంటారు.

మందులతో కరుగుతాయన్న మాట కూడా వెనక్కి తీసుకోండి. కొండపిండి ఆకు కషాయం కిడ్నీలో రాళ్లకని మన ఊళ్లలో తాగుతారు. ఆ కిడ్నీ రాళ్లు వేరు, ఇవి వేరు. ఇవి మూత్రంలోంచి పోయే దారే లేదు. చిన్న రాయి జారి నాళంలో ఇరుక్కుంటే కామెర్లు వస్తాయి, క్లోమం వాచి ప్రాణం మీదికి వస్తుంది. అమ్మ అలాంటి పసరేదైనా తాగుతుంటే ఆపించి, అదేమిటో డాక్టరు గారికి చెప్పండి.

ఇప్పుడు అడ్డపొగ. తల్లీ, ఇందులో సిగ్గుపడటానికేమీ లేదు. శ్రీకాకుళం వైపు వార్డుల్లో పనిచేసిన మాలాంటి వాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని తాగే అమ్మలు ఎంతమందో వచ్చేవారు. దాచినా దాగదు కూడా. మత్తు డాక్టరు గారు ముందురోజు నోరు తెరిపించి చూస్తారు, శ్వాసగొట్టం ఎలా వేయాలో అంచనా వేసుకోవడానికి. అంగిలి చూడగానే ఆయనకు తెలిసిపోతుంది. కానీ ముందురోజు తెలిస్తే ఆయన చేయగలిగింది తక్కువ, నెల ముందు తెలిస్తే చాలా ఉంది. పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో కఫం ఎక్కువ. మత్తునుంచి లేచాక కోతల నొప్పికి గట్టిగా దగ్గలేరు, కఫం లోపలే ఉండిపోయి న్యుమోనియా వస్తుంది. పుండు మానడం కూడా ఆలస్యమవుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు మరీను. ఆపరేషన్‌కి కనీసం 4 వారాల ముందు పొగ మానేస్తే ఈ ఇబ్బందులు బాగా తగ్గుతాయి. మీకున్న గడువు సరిగ్గా అంతే ఉంది. వ్రతం రోజున ఆవిడ చుట్ట ముట్టదని నువ్వే రాశావు. అంటే ఆవిడకు మానే శక్తి ఉంది. లక్ష్మివారానికి ఆపగలిగిన మనిషి, ఎందుకో తెలిస్తే శుక్రవారానికీ ఆపగలదు. అందుకే చెప్పమంటున్నాను. స్కానింగ్ కోసం చుట్ట మానేయమంటే ఎవరు మానేస్తారు? చుట్టకు బదులు గుడాఖు, ఖైనీ మొదలుపెట్టనివ్వకు, అదీ పొగాకే. ఇంకో మాట, అడ్డపొగ తాగేవాళ్లలో అంగిలి మీద క్యాన్సర్ రావడం మన ప్రాంతంలో బాగా తెలిసిన సంగతి. తెల్లమచ్చో మానని పుండో ఉంటే ఈ వంకతోనే దంత వైద్యుడికో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించండి.

మార్గశిరం పూర్తయ్యేదాకా ఆగొచ్చా అన్నది మీ సర్జన్‌ను నేరుగా అడగండి. ‘ఫలానా తేదీ దాకా ఆగితే ఫర్వాలేదా?’ అని తేదీతో సహా అడగండి. సరే అంటే ఆగండి. మనసు కుదుటపడి వచ్చిన పేషెంటు త్వరగా కోలుకోవడం నేను చూశాను, అమ్మ నమ్మకాన్ని తీసిపారేయొద్దు. కానీ చలితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, నొప్పి గంటల తరబడి తగ్గకపోయినా ఆ రోజు లక్ష్మివారమైనా అమావాస్యయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈలోగా గారెలు, బూరెలు, నేతి పులిహోర ప్రసాదంగా కళ్లకద్దుకుని పక్కన పెట్టించు. నూనె వస్తువులే ఆ నొప్పిని లేపుతాయి. షుగర్ మాత్ర వేసుకుని సాయంత్రం దాకా ఉపవాసం ఉండటం కూడా ప్రమాదం, కళ్లు తిరిగి పడిపోతారు. ఆ రోజు మాత్ర సంగతి డాక్టరు గారిని అడిగి పెట్టుకోండి.

మాత్రల పేర్లు రాసుకుని వెళ్లడం కంటే, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు కూడా. మత్తు డాక్టరు గారి ముందు ఒక్కొక్కటే పెట్టి, ఏది ఎప్పుడు ఆపాలి, ఆపరేషన్ రోజు పొద్దున ఏది వేసుకోవాలి అని అడిగి స్ట్రిప్పు మీదే పెన్నుతో రాయించుకోండి. ముఖ్యంగా మూడు రకాల గురించి గుర్తుపెట్టుకుని అడుగు. రక్తం పలచబడే మాత్రలు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి. షుగర్‌కి ఇప్పుడు చాలామందికి రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు. వీటిని మామూలుగా కనీసం 3 రోజుల ముందు ఆపిస్తారు. ఆపకపోతే షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. మూడోది బీపీ మాత్ర. కొన్ని ఆ రోజు పొద్దున గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు, కొన్ని మానమంటారు. నేను చెప్పానని ఏదీ మీ అంతట మీరు ఆపకండి, గుండెకు స్టెంటు వేసి ఉంటే మరీను. ఏం అడగాలో తెలియడానికే ఈ పేర్లు చెప్పాను.

ఖాళీ కడుపు గురించి గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు. మత్తులో గొంతు కండరాలు వదులవుతాయి. కడుపులో ఏమున్నా పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అది ప్రాణాంతకం. తేలికపాటి టిఫినుకు 6 గంటలు, నూనె వంటలకూ మాంసానికీ 8 గంటలు, మంచినీళ్లకు 2 గంటల ముందే ఆపాలన్నది మామూలు లెక్క. మీ ఆసుపత్రి ఇంకా ఎక్కువ చెబితే వాళ్లు చెప్పిందే పాటించండి. పాల టీ నీళ్ల కిందికి రాదు, తిండి కిందికే వస్తుంది. గంజి, పఖాళ (చద్దన్నం) నీళ్లు కూడా అంతే. పొద్దున్నే చలికి వణుకుతున్న అమ్మను చూసి, ‘అర గ్లాసు టీయే కదా’ అని పోసిన కూతుళ్లను, కోడళ్లను చాలామందిని చూశాను. అడిగితే తాగలేదని ఒట్టు వేస్తారు. పొరపాటున తాగితే చెప్పేయండి. ఆపరేషన్ కొన్ని గంటలు వాయిదా పడుతుంది, అంతే. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి లిస్టులో ముందు పెట్టమని నర్సును అడగండి. నీరసం, చెమటలు, వణుకు వస్తే వెంటనే చెప్పాలని అమ్మకే చెప్పి ఉంచు.

నగల సంగతి ఇంటిదగ్గరే తేల్చుకోండి. రక్తం కారకుండా కరెంటు పరికరంతో కాలుస్తారు కాబట్టి ఒంటిమీద లోహం ఉండకూడదు. ఎప్పుడో పెట్టిన ముక్కుపుడక శీల బిగుసుకుపోయి రానే రాదు, కంసాలి దగ్గరికి వెళ్లి ముందే తీయించండి. మట్టెలు, గాజులు, తాయెత్తు కూడా. పుస్తెలు తీయమని థియేటర్ గుమ్మం దగ్గర నర్సు అనే సరికి, ఆపరేషన్ కంటే దానికే ఎక్కువ ఏడ్చే తల్లులుంటారు. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లమని చెప్పు. లోహం లేదు కాబట్టి చాలాచోట్ల ఒప్పుకుంటారు, ముందురోజు వార్డు సిస్టర్‌కి ఒక మాట చెప్పండి. వేళ్లకు గోరింటాకు వద్దు. ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టేది అక్కడే. కదిలే పన్ను, కట్టుడు పళ్లు ఉంటే చెప్పండి. సబ్బుతో తలస్నానం చేయించు, కడుపు మీద బ్లేడుతో మాత్రం గీయొద్దు. గీతలు పడి చీము పట్టేది వాటినుంచే. అవసరమైతే ఆసుపత్రిలోనే వెంట్రుకలు కత్తిరిస్తారు. అక్కడ పేరు, ఏ ఆపరేషన్, మందులేవైనా పడవా అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. వీళ్లకేమీ తెలియదనుకోవద్దు. అడగడమే నియమం. అమ్మ తనే జవాబు చెప్పాలి, చూశావా, ఇక్కడ కూడా ఆవిడకు తెలియకపోతే కుదరదు.

ఎక్కడికి వెళ్లాలన్నది డబ్బు, భాష, మళ్లీ చూపించుకోవడం, ఈ మూడింటిని బట్టి తేల్చుకోండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఊళ్లో తెలుగువాళ్లు చాలామంది, వార్డులో తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారు. మీ ఒడిశా రేషన్ కార్డుతో ఆంధ్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం వర్తించదు. ఆశపడి పాతపట్నం దాటి వెళ్లి, కౌంటరు దగ్గర తెలుసుకునేవాళ్లున్నారు. మీకు వర్తించేది ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన. 2025 నుంచి ఒడిశాలో అమల్లో ఉంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్ పథకంలో చేరిన ఆసుపత్రి వేరే రాష్ట్రంలో ఉన్నా కార్డు చెల్లుతుంది. కానీ శ్రీకాకుళం, విశాఖల్లో మీరనుకున్న ఆసుపత్రి ఈ ఆపరేషన్‌కి మీ కార్డు తీసుకుంటుందా అని చేరకముందే అక్కడి హెల్ప్ డెస్క్‌లో అడగండి. కార్డు మీద పేరూ ఆధార్ మీద పేరూ ఒకటేనా చూసుకోండి, ఒడియా నుంచి ఇంగ్లిషులోకి రాసేటప్పుడు తెలుగు ఇంటిపేర్లు ఎలా మారిపోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కార్డు, డబ్బు ఎటూ సమానమైతే నా ఓటు మీకు దగ్గరైన చోటికే. రైల్లో విశాఖ వెళ్లి ఆపరేషన్ చేయించుకోవచ్చుగానీ, వారం తర్వాత రాత్రి జ్వరం వస్తే ఎవరి దగ్గరికి పరిగెడతారో ముందే ఆలోచించండి.

ఆపరేషన్ అయిన సాయంత్రమో మర్నాడో నడిపిస్తారు. నడవనివ్వండి. జాలిపడి పడుకోబెడితే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు, కఫం పేరుకుంటుంది. దగ్గేటప్పుడు దిండు కడుపుకు ఆనించుకుని దగ్గమను. ఈ రెండూ ఇంటిదగ్గరే ఒకసారి అలవాటు చేయించు. ఇంటికి వచ్చాక కడుపునొప్పి తగ్గే బదులు పెరుగుతున్నా, కళ్లు పచ్చబడినా, జ్వరం, ఆగని వాంతులు, కోత దగ్గర చీము కనిపించినా తెల్లారనీయకుండా తీసుకెళ్లండి. డిశ్చార్జి చీటీ మీద వార్డు ఫోన్ నంబరు రాయించుకోవడం మర్చిపోకు.

మీ అన్నయ్యకు మిల్లులో ఎక్కువ రోజులు సెలవు దొరకకపోతే, ముందురోజు సాయంత్రానికి చేరుకునేలా టికెట్ తీసుకోమను. కాగితం చదివి వినిపించేటప్పుడు తనూ ఉంటాడు. అమ్మ ఇంటికి వచ్చాక కనీసం మూడు నాలుగు రోజులు ఉండి వెళ్లమను. బిందెలు మోయడం, బరువులెత్తడం కొన్ని వారాలు అమ్మ చేయకూడదు. ఆ పనులు నీ ఒక్కదాని మీద పడకుండా ఎవరెవరు చేస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి.